కళ్ళకద్దుకున్న దిమ్మె

ప్రవల్లికకు పిల్లల మీద కోపం వచ్చింది. కోపం కన్నా దిగులే ఎక్కువేమో.

యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ రెండేళ్ళు కష్టపడి ఆ అమ్మాయి ఒక బల్ల తయారు చేసింది. దాని మీద గడులుంటాయి. ఏ గడిలో ఎన్ని చెక్క దిమ్మెలు పెడితే, బల్ల అంచున ఆ వరసలో అన్ని దీపాలు వెలుగుతాయి. డేటా అంటే ఏమిటో పిల్లలు తెర చూసి కాకుండా చేత్తో ముట్టుకుని తెలుసుకోవాలని తన ఆశ.

నేను పాఠాలు చెప్పే బడికి దాన్ని మూడుసార్లు తెచ్చింది. "మధ్యాహ్నం భోజనంలో మీకు పడని కూర ఏది? ఆ గడిలో దిమ్మె పెట్టండి" అని నాలుగో తరగతి పిల్లల్ని అడిగింది.

పిల్లలు చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చారు. బల్ల చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మూడుసార్లూ ఒక్కరూ ముట్టలేదు.

వచ్చే వారం యూనివర్సిటీలో పెద్దల ముందు ఫలితం చూపించాలి. చూపించడానికి ఒక్క దీపమన్నా వెలగలేదు. ఫలితం లేకపోతే ఈ పని ఆపేసి వేరేది చూసుకోమంటారు.

"బల్లలో తప్పేం లేదు మేడం. ఈ పిల్లలకే ఆసక్తి లేదు. ఇంకో బడి చూసుకుంటాను" అంది తన గురువు రజియా మేడంతో.

"ఈసారి నేనూ వస్తా బిడ్డా" అంది ఆవిడ.

ఇద్దరూ బస్సులో వచ్చారు. బల్లను బస్సు పైన వేసినా, దిమ్మెల పెట్టె మాత్రం ప్రవల్లిక ఒళ్ళోనే ఉంది. రజియా మేడం తలంతా నెరిసిన మనిషి. కుర్చీ వేస్తే వద్దని, పిల్లల మధ్య కింద కూర్చుంది.

ప్రవల్లిక పెట్టె తెరిచి, దిమ్మెలు చుట్టిన తువాలు విప్పింది. ఒక్కో దిమ్మె తీసి, తుడిచి, వరసగా పెట్టింది. ఒక పాప కాస్త ముందుకు వంగింది.

"మెల్లగా, మెల్లగా!"

పాప వెనక్కి జరిగింది.

"కాకరకాయ ఎవరికి పడదు?" అని అడిగింది రజియా మేడం.

చేతులన్నీ లేచాయి. ఒకటే నవ్వులు.

"మరి పోయి పెట్టండి."

నవ్వులు ఆగిపోయాయి. ఓబులేసు అనే పిల్లాడు తల గోక్కున్నాడు. "మాకొద్దులే మేడం. పగుల్తాది."

"పగిలితే ఏమైతాది?"

"అక్క ఏడుస్చాది."

"నేనెందుకేడుస్తాను?" అంది ప్రవల్లిక. మొహం ఎర్రబడింది. "చూశారా మేడం? ముట్టుకోండి ముట్టుకోండి అని ఎన్నిసార్లు చెప్పానో వాళ్ళనే అడగండి!"

"అవును, చెప్పింది" అన్నారు పిల్లలు, పాపం, అందరూ ఒక్కసారే.

రజియా మేడం మోకాలి మీద చెయ్యేసి లేచింది. బల్ల దగ్గరికి వెళ్ళి ఒక దిమ్మె తీసుకుంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, గడి మీదికి కాకుండా పక్కకు తెచ్చి వదిలేసింది.

ఠప్పుమని బండల మీద పడింది. దిమ్మె మూల కాస్త లేచిపోయింది.

"అయ్యో మేడం!"

ప్రవల్లిక చటుక్కున కిందికి వంగింది. దిమ్మె తీసింది, ఊదింది, చున్నీతో తుడిచింది. పుస్తకానికి కాలు తగిలితే చేస్తామే, అట్లా రెండు కళ్ళకూ అద్దుకుంది.

తలెత్తి చూస్తే పిల్లలందరూ తననే చూస్తున్నారు. చేతులు కట్టుకునే ఉన్నారు. ఓబులేసైతే, 'నేను ముందే చెప్పలే?' అన్నట్టు చూస్తున్నాడు.

రజియా మేడం ప్రవల్లిక వైపు తిరిగింది. చెయ్యి చాపింది. "ఇంకోటి ఇటియ్యి బిడ్డా."

ప్రవల్లిక ఇవ్వలేదు. తను తుడిచి పెట్టిన ఆ వరస వైపు, కట్టుకున్న పిల్లల చేతుల వైపు చూసింది. తర్వాత దిమ్మెలన్నీ తువాలులోకి తోసుకుని, బల్లకు దూరంగా తీసుకుపోయి, తనే కింద కుమ్మరించింది.

గడగడమని చప్పుడు. కొన్ని మూలకు పోయాయి, కొన్ని గుమ్మం దాటి వరండాలో పడ్డాయి. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు ముందు ఉరికారో తెలీదు గానీ, చేతులు కట్టుకుని ఒక్కరూ మిగల్లేదు.

ఇందాకటి పాప మొదట తిరిగొచ్చింది. దిమ్మె నిండా మట్టి. భయంభయంగా చాపింది.

ప్రవల్లిక చెయ్యి చున్నీ అంచు దాకా పోయి, అక్కడే ఆగింది.

"ఏ కూర తల్లీ?"

"సొరకాయ."

"పెట్టు మరి."