లతీఫ్ సార్ టీ

ఇందుజా, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా కళ్ళద్దాలు పగిలిపోవాలి. పోయినసారి పగిలిన మాట నిజమే కానీ, అది పిల్లి పని.

నా జుట్టు నల్లగా ఉన్న రోజులు. హైదరాబాదులో లతీఫ్ సార్ ల్యాబులో చేరాను. సార్ కళ్ళద్దాలు ఎంత మందమంటే, వాటితో చూస్తే చందమామ మీద దుమ్ము కూడా కనబడేది. ఇప్పటికీ స్పిరిట్ వాసన తగిలితే ఆ గదే గుర్తొస్తుంది.

మేం చూసేది ఒక్క ప్రోటీనును. కణాన్ని చంపడమే దాని పని. కానీ దానికి ఫాస్ఫేటు అంటుకుని ఉన్నంతసేపూ మరో ప్రోటీను దాన్ని పట్టుకుని కదలనివ్వదు. క్యాన్సరు కణం ఆ ఫాస్ఫేటును విడవకుండా అంటిస్తూనే ఉంటుంది, అందుకే చావదు. ఆ ఫాస్ఫేటును పీకేసే ఎంజైములూ లేకపోలేదు. కణాన్ని చితక్కొట్టినా అవి పని మానవు. ఐసులో పెడితేనే చేతులు ముడుచుకుంటాయి.

ఒక చెట్టు బెరడు నుంచి నేను మందు తీశాను. మందు వేయని కణాలను చితక్కొట్టి పరీక్షిస్తే ఫిల్ము మీద నల్లగీత వచ్చింది, అంటే ఫాస్ఫేటు ఉన్నట్టు. మందు వేసిన కణాలకు గీతే లేదు!

నా పొగరుకి గది తలుపు చాలక పక్కకి తిరిగి నడిచాను, వారం పాటు.

గాజుసామాను కడిగే రాజవ్వకి అందరికంటే ముందు చెప్పాను. ఆమె తమ్ముడికి క్యాన్సరు.

"బిడ్డా, నీ మందు వస్తుందని మా తమ్ముడు దవాఖానకు పోవుడు బంద్ జేసిండు. ఎప్పుడిస్తవ్?" అంది మర్నాడే.

సార్ చెవిన పడింది. నన్ను పిలిచి ఫిల్ము చూశారు.

"మందు వేసిన కణాలు చితక్కొట్టాక ఏం చేశావమ్మాయ్?"

"టీ తాగొచ్చాను సార్."

"గొట్టాలు?"

"మందు వేయనివాటితోనే ఐసు అయిపోయింది సార్. ఇవి బల్ల మీదే ఉన్నాయి."

ఆయన లేచి బల్ల దగ్గరికి నడిచారు. మందు వేయని కణాలు తీసి, చితక్కొట్టి, గొట్టం బల్ల మీద పెట్టారు. చొక్కా చేతులు దించుకున్నారు.

"పద, టీ తాగుదాం."

ఆ టీ తాగడానికి ఆయనకు ఒక యుగం పట్టింది. ఒక్క ఉస్మానియా బిస్కట్టును పద్నాలుగుసార్లు ముంచారు. లెక్కపెట్టాను. వాళ్ళ అమ్మీజాన్ వండే ఖట్టీ దాల్ గురించి చెప్పారు, సైన్సు మాట ఒక్కటీ ఎత్తలేదు. అంత కమ్మని టీ మళ్ళీ తాగలేదంటే నమ్ము.

మర్నాడు ఫిల్ము కడిగాం. గీత లేదు.

సార్ దాన్ని వెలుతురుకి పట్టి చూసి నా చేతిలో పెట్టారు.

"దీనికి నీ మందు వేయలేదమ్మాయ్. టీ తాగొచ్చామంతే."

ఆ ఫిల్ము పట్టుకుని సింకు దగ్గరికి పోయాను. పది అడుగులు. నాకు మాత్రం పది మైళ్ళు. రాజవ్వ చేతులు సబ్బునురగలో ఉన్నాయి.

"రాజవ్వా, నా మందు పని చెయ్యలేదు. నేనే తప్పు చేశా. మీ తమ్ముణ్ణి రేపే ఆసుపత్రికి పంపించు."

ఆమె చాలాసేపు ఒకే గ్లాసు కడిగింది.

"ఇయ్యాలనే పంపుత," అంది చివరికి. "నువ్వు రేపటిదాంక ఆగకుండ ఇయ్యాలనే చెప్పినవ్, గదే మేలు."

తమ్ముడు ఇంకా కొన్నేళ్ళు బతికాడు. నా మందు మాత్రం ఆ ఫిల్ముతోనే పోయింది.

సరే, నీ ఫిల్ము ఇటివ్వు. మందు వేసిన వైపు గీత లేదు, చాలా అందంగా ఉంది. అమ్మకి ఫోను కూడా చేశావట!

లే. కింద యంత్రం దగ్గరికి వెళ్ళి డబ్బా నిండా ఐసు పట్టుకురా. టీ తర్వాత తాగుదాం.