నరం దొరికిన వేలు

నరం దొరకని మనిషి వస్తే ఓబులేసును పిలవండి అని మా మిషన్ ఆసుపత్రిలో అందరూ అనేవారు. ఆ ఓబులేసు నేనే. ఇరవై రెండేళ్ళ వయసు, ల్యాబులో చేరి ఏడు నెలలు. మోచేతి మడతలో వేలి కొసతో ఒక్కసారి తడిమితే చాలు, నరం ఎంత లోతున ఉన్నా తెలిసిపోయేది. ఆ పొగడ్త నాకు బాగానే తలకెక్కింది.

మా గురువు మొహిద్దీన్ సాహెబ్ గారు. ముప్పై ఏళ్ళుగా ఆ ల్యాబు ఆయన చేతిలోనే ఉంది. మాట్లాడటం తక్కువ. ఆ గదిలోని స్పిరిట్ వాసన, బల్ల మీద నీలం రంగు మరకలు, పొద్దున్నే కిరసనాయిలు స్టవ్ మీద ఆయన కాచే టీ, ఇవి తలచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం అటే లాగుతుంది.

కుళ్ళాయమ్మ అనే బాలింతకు కాన్పయిన మూడో రోజు చలిజ్వరం పట్టుకుంది. రెండు కాన్పులు పోయి, మూడోసారికి నిలిచిన బిడ్డ ఆమెది. డాక్టరమ్మ మామూలు మందు మొదలుపెట్టే ముందు నాచేత రక్తం తీయించారు. ఆ రక్తాన్ని మాంసం రసం ఉన్న సీసాలో పోసి వెచ్చటి పెట్టెలో ఉంచుతాం. రక్తంలో క్రిమి ఉంటే రసం మసకబారుతుంది. అప్పట్లో పరీక్ష అంటే అదే.

రెండో రోజుకు రసం మసకబారింది. గొర్రె రక్తం కలిపి గడ్డకట్టించిన జెల్లీ పళ్ళెం మీద అందులోంచి ఒక చుక్క రాస్తే, మర్నాటికి తెల్లటి చుక్కలు లేచాయి. క్రిమి దొరికిపోయిందని నా ఆనందం ఇంతా అంతా కాదు. ఆ రోజు శుక్రవారం, సాహెబ్ గారు నమాజుకు వెళ్ళారు. ఆయన వచ్చేదాకా ఆగితే ఏం పోయేదో! పళ్ళెం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను.

ఆమె గట్టి సూదిమందు రాశారు. అది మర్నాటి సాయంత్రం బస్సుకు కర్నూలు నుంచి రావాలి. అది మొదలయ్యాక బిడ్డకు తల్లిపాలు ఆపాలని నర్సమ్మ చెప్పిందట. నేను వార్డు ముందు నుంచి వస్తుంటే కుళ్ళాయమ్మ పిలిచింది. ఆ పరీక్ష చేసింది నువ్వేనా అని అడిగింది. అవునన్నాను.

"పాలు ఎండిపోతే మళ్ళా రావంటారే నాయనా," అంది.

నేను ల్యాబు వైపు నడిచాను.

సాహెబ్ గారు వచ్చాక జరిగిందంతా చెప్పాను. ఆయన రిజిస్టరు తెరిచారు. ఒంట్లో క్రిమి చేరితే పెరిగే తెల్లకణాలను కుళ్ళాయమ్మ రక్తంలో రోజూ లెక్కపెట్టేది ఆయనే. మొదటిరోజు ఇరవై రెండు వేలు, తర్వాత పద్నాలుగు వేలు, ఆ పొద్దున తొమ్మిది వేలు. జ్వరం కూడా దిగుతూ వస్తోంది.

"ఆమె రక్తం తగ్గిందంటా ఉంది, నీ సీసా పెరిగిందంటా ఉంది," అని, చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు కూర్చున్నారు. "నాకు తియ్యి. ఆమెకు ఎట్ల తీసినావో అట్లనే."

రబ్బరు గొట్టం కట్టాను. స్పిరిట్‌తో తుడిచాను, అయోడిన్ రాశాను, ఆరేదాకా ఆగాను. అలవాటు కొద్దీ నరం ఎక్కడుందో మరోసారి వేలితో చూసుకుని సూది అందుకున్నాను.

"ఆగు," అన్నారు.

నా వేలు పట్టుకుని, కొత్త జెల్లీ పళ్ళెం మీద మెల్లగా అద్దారు. మూతపెట్టి, దాని మీద మైనపు పెన్సిల్‌తో నా పేరు రాసి, వెచ్చటి పెట్టెలో పెట్టారు. చొక్కా చెయ్యి దించుకుని తన పనిలో పడిపోయారు. నాకు కొంత అర్థమైంది, మిగతాది అర్థం కాకపోతేనే బాగుండు అనుకున్నాను.

మర్నాడు పొద్దున పెట్టె తెరిస్తే, జెల్లీ మీద నా వేలి ఆకారంలో తెల్లటి చుక్కలు లేచి ఉన్నాయి. రెండు పళ్ళేల్లోంచీ కాస్త కాస్త తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూశాను. ద్రాక్షగుత్తుల్లా అవే గుండ్రటి క్రిములు. ఇటుదీ అటుదీ మార్చి పెట్టినా తేడా తెలియదు.

సాహెబ్ గారు కూడా చూసి, కణాల లెక్కల రిజిస్టరు నా చేతికిచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు పళ్ళేలూ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. నిన్న పరుగెత్తిన వరండాయే, ఎంతకీ తరగలేదు. సీసాలో పెరిగింది నా వేలి మీది క్రిమేనని, తప్పు నాదేనని చెప్పాను. ఆమె పళ్ళేలూ, కణాల లెక్కలూ చాలాసేపు చూశారు. సూదిమందు ఆపి, రెండు చేతుల నుంచీ మళ్ళీ రక్తం తీయమన్నారు.

కుళ్ళాయమ్మ బిడ్డకు పాలిస్తోంది. మళ్ళీ రక్తం కావాలంటే, ఎందుకని అడగకుండా బిడ్డను అటు మార్చుకుని చెయ్యి చాపింది. నరం ముందే చూసి పెట్టుకున్నాను. తుడిచాక అక్కడ మళ్ళీ వేలు పెట్టలేదు.

ఏడు రోజులు పొద్దున్నే ఆ రెండు సీసాలనూ కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. ఈలోగా అయిదో రోజున కుళ్ళాయమ్మ బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు సీసాను యంత్రంలో పెడితే క్రిమి పెరగగానే అదే కూత పెడుతుంది. అయినా నేను ఒకసారి వెలుతురుకు ఎత్తి చూస్తాను. మా ల్యాబు పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఏడో రోజు సాహెబ్ గారు స్టవ్ దగ్గర నుంచే అడిగారు.

"ఏం లేచింది ఓబులేసూ?"

"ఏమీ లేవలేదు సార్."

ఆయన టీ గ్లాసు నా వైపు జరిపారు.

"అయితే ఈసారి ఆమె రక్తమే తీసినావు."