విరబోసిన జుట్టు

కేదారి జుట్టు ముడివెయ్యక నలభై రోజులైంది.

అది మామూలు జుట్టు కాదు, ఒట్టు పెట్టిన జుట్టు. శివరాత్రి తిరునాళ్ళలో ఎనిమిదిమంది కుర్రాళ్ళు లింగం మీద చెయ్యివేసి ప్రతిజ్ఞ చేశారు. ఇప్పలపాటి గుట్ట మీద మిగిలిన ఒకే ఒక్క జైనముని, శివుడు దేవుడు కాడన్నాడట. అన్నవాడు బతక్కూడదు, విన్నవాళ్ళు ఊరుకోకూడదు. తాటాకు చీట్లు వేస్తే చీటీ కేదారికి పడింది. అది శివుడు ఇచ్చిన పని, కాబట్టి కేదారి బతికుండగా ఇంకొకరు ముట్టుకోకూడదు. పని అయ్యేదాకా వాడు జుట్టు ముడివెయ్యకూడదు. నెత్తిన ముడి కనబడిన రోజున ముని చచ్చాడని అర్థం.

శైవులకు జైనుల పొడ, జైనులకు శైవుల పొడ గిట్టని కాలం అది. బలం ఎవరిదైతే వాళ్ళు అవతలివాళ్ళ గుళ్ళు కూలగొట్టి, అదే పుణ్యమనుకునేవాళ్ళు.

నిజం చెప్పాలంటే కేదారికి ఆ ముని మీద కోపమేమీ లేదు. చిన్నప్పుడు దూరంనుంచి చూసి, "దిసమొల తాత" అని నవ్వి పారిపోయాడు. అంతే పరిచయం. ఆరేళ్ళప్పుడు తల్లీ తండ్రీ మశూచికి పోతే, ఎలమందయ్య అనే శైవగురువు వాణ్ణి తెచ్చుకుని గుట్ట కింద, వాగు ఒడ్డున ఉన్న తన మఠంలో పెంచాడు. మఠమంటే ఏదో అనుకునేరు, రెండు గదుల మట్టి ఇల్లు, ఒక లింగం, ఒక పొయ్యి. గురువుకు మాటలు పొదుపు. సాయంత్రమైతే వాగు చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. కేదారిని "అన్నా" అని పిలిచినవాడు లేడు, "తమ్ముడూ" అన్నవాడూ లేడు. మూడేళ్ళ కిందట మఠం వదిలి పట్నం వెళ్ళినా, అక్కడ కూడా ఎవరి ఇంట్లో వాళ్ళు తలుపులేసుకున్నారు.

తిరునాళ్ళలో ఏడుగురు భుజాల మీద చేతులేసి "అన్నా" అన్నారు. ఆ పిలుపు కోసం వాడు ఏమైనా చేసేవాడు. చేస్తానన్నాడు.

నలభై ఒకటో రోజు పొద్దున ఎనిమిదిమందీ వాగు రేవు దగ్గరికి వచ్చారు. మిగిలినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. "ముడి వేసుకుని రా అన్నా, శంఖం ఊదుతాం" అన్నాడు మాచన. వాళ్ళందరిలోకీ గొంతు పెద్దది అతనిదే.

కత్తి మొలలో దోపుకుని, విభూతి పెట్టించుకుందామని కేదారి మఠం గుమ్మంలోకి వెళ్ళాడు.

ఎలమందయ్య పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. కుడికాలి మడమకు ఆకు పసరు వేసి గుడ్డ చుట్టి ఉంది. కాలు వాచి గుమ్మడికాయలా అయింది. కూర్చున్నచోటినుంచే జరుగుతూ పొయ్యిలో పుల్లలు ఎగదోస్తున్నాడు. మూడేళ్ళ తర్వాత వచ్చిన శిష్యుణ్ణి తేరిపార చూశాడు. జుట్టు చూశాడు, కత్తి చూశాడు. విషయం ఆయన దాకా ముందే వచ్చింది. చెడ్డ కబురుకు కాళ్ళు ఎక్కువ.

"విభూతి పెట్టండి అయ్యగారూ. గుట్ట ఎక్కుతున్నాను."

"పెడతాలే. ముందు నా పని ఒకటి చేసిపెట్టు." ముంతలోకి కొర్రన్నం, పైన ఇంత పెసరకట్టు వేశాడు. కాచి చల్లార్చి గుడ్డలో వడగట్టిన నీళ్ళు చెంబులో పోశాడు. "ఎటూ గుట్ట ఎక్కుతున్నావు గదా. ఇది ఆయనకు పెట్టిరా."

కేదారి ఒకడుగు వెనక్కి వేశాడు. "ఆయనకా? మీరా?"

"ఆయనవాళ్ళు ఊరొదిలి పోయి రెండేళ్ళయింది. అడుక్కునే నియమం లేదాయనకు, ఎవరైనా పిలిచి పెడితేనే తింటాడు. రోజుకు ఒక్క పూట. మొన్న పెట్టి దిగొస్తుంటే కాలు జారింది. నిన్న ఆయనకు తిండి లేదు."

"ఊళ్ళో ఎవర్నైనా పంపకపోయారా?"

"పంపితే పోనన్నవాడు ఉండడురా. ఇందులో ఏం కలుపుతాడోననే నా భయం. నిన్నంతా దారివైపే చూస్తూ కూర్చున్నాను, ఎవరైనా వస్తారేమోనని. నువ్వొచ్చావు."

ఆ మాటతో కేదారికి ఒళ్ళు మండింది. చూపు మాత్రం ఆ వాచిన కాలు మీదికి పోయింది. రెండేళ్ళు ఈ ముసలాయన ఒక్కడే, ఎవరికీ చెప్పుకోలేని పని చేస్తూ, ఆ రాళ్ళల్లో ఎక్కి దిగాడు.

"నేను ఎందుకు పోతున్నానో తెలిసే చెబుతున్నారా?"

"తెలుసు. ఆకలితో ఉన్న ముసలివాణ్ణి పడగొడితే శివుడికేం ఘనతరా? అన్నం పెట్టు. తర్వాత నీ ఒట్టు నీది."

అప్పుడు పద్ధతి చెప్పాడు. 'నిలవండి స్వామీ, అన్నం శుద్ధంగా ఉంది' అనాలి. అనకపోతే ఆయన చెయ్యి చాపడు. నిలబడి తింటాడు, గిన్నె ఉండదు, దోసిట్లో ముద్ద పెట్టాలి. ముద్దలో పురుగు కనబడినా, వెంట్రుక కనబడినా ఆపేస్తాడు. ఆపితే ఆ రోజుకు అంతే, మంచినీళ్ళు కూడా ముట్టడు.

"నీళ్ళు కూడానా? ఈ ఎండలోనా?"

"నీళ్ళు కూడా."

గుట్ట సగం ఎక్కాక కేదారి ఒకసారి వెనక్కి చూశాడు. రేవు దగ్గర ఏడుగురూ చీమల్లా కనబడ్డారు. ఒకడు చెయ్యి ఊపాడు. ముంతను పైపంచెలో దాచుకున్నాడు కేదారి. చంపడానికి పోతూ సిగ్గుపడనివాడు అన్నం మోసుకుపోతున్నందుకు సిగ్గుపడ్డాడు, చూశారా!

గుహ ముందు ముని కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద నూలుపోగు లేదు, కండ కూడా లేదు. ఎండిన బెరడు లాంటి చర్మం కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. కేదారిని చూసి లేచి, నెమలీకల కుంచెతో వాడు నిలబడబోయే చోట చీమల్ని మెల్లగా పక్కకు తోశాడు.

"శివుడు దేవుడు కాడన్నావట. నిజమేనా?" అన్నాడు కేదారి. కాదంటాడేమో, కాళ్ళు పట్టుకుంటాడేమో అనుకున్నాడు.

"అన్నాను నాయనా. లోకాన్ని చేసినవాడంటూ ఒకడు లేడని మా మతం. అడిగారు, చెప్పాను."

"ఇప్పుడూ అదే మాటా?"

"ఇప్పుడూ అంతే." చూపు కత్తి మీద పడింది. "దాన్ని ఆ రాతి మీద పెట్టు. అన్నం పెట్టేటప్పుడు వంగితే నీ కడుపులో గుచ్చుకుంటుంది."

కేదారి ఆ రాయి వైపు, ముని వైపు మార్చి మార్చి చూశాడు. చివరికి కత్తి తీసి రాతి మీద పెట్టాడు. నేల చూపులు చూస్తూ, "నిలవండి స్వామీ, అన్నం శుద్ధంగా ఉంది" అని గొణిగాడు.

ముని నిలబడి రెండు అరచేతులూ కలిపి చాపాడు. ఆ చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. తిండి లేక వణుకుతున్నాయని కేదారికి తెలిసింది. అవి రెండూ నిండిపోయి ఉండగా, కళ్ళు దించుకుని, ఎదుట ఉన్నవాడు పెట్టింది పెట్టినట్టు తింటున్నాడా మనిషి. మొదటి ముద్ద నెమ్మదిగా నమిలాడు. రెండో ముద్ద కూడా. మూడో ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

ముద్దలోంచి ఒక వెంట్రుక వేలాడుతోంది. పొడుగ్గా, నల్లగా, నిగనిగలాడుతూ. మునికి నెత్తిన వెంట్రుక లేదు. గురువుకు ఉన్నవి నాలుగూ తెల్లవే.

ముని దోసిలి విప్పాడు. అన్నం కింద పడింది. ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు.

"వెంట్రుకే గదా, తీసేస్తాను. ఇంకో ముద్ద పెడతాను" అన్నాడు కేదారి.

ముని తల అడ్డంగా ఊపాడు.

"పోనీ నీళ్ళన్నా తాగు! నిన్నటినుంచీ..."

"రేపు" అన్నాడు ముని. విసుగు లేదు, నింద లేదు. పడిన అన్నానికి చీమలు చేరుతుంటే వాటికి దారి వదిలి జరిగి కూర్చున్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి. చెంబు నిండా నీళ్ళు పక్కనే ఉన్నాయి.

కత్తి రాతి మీదే ఉంది. రెండడుగులు వేస్తే అందుతుంది. కేదారి వేశాడు, తీసుకున్నాడు, మొలలో దోపుకుని, ముంత, చెంబు పట్టుకుని గుట్ట దిగాడు. అన్నం పెట్టాక గదా తన ఒట్టు, పెట్టడం పూర్తి కాలేదు గదా అని తనకు తాను చెప్పుకున్నాడు. సాకు వెతుక్కునేవాడికి గడ్డిపరక కూడా ఆసరాయే.

మఠంలో గురువు నిండు చెంబు చూశాడు.

"వెంట్రుక వచ్చింది" అన్నాడు కేదారి.

"ఎవరిది?"

కేదారి భుజాల మీది జుట్టు వెనక్కి తోసుకున్నాడు. రేవు వైపునుంచి మాచన గొంతు వినిపిస్తోంది, పాట పాడుతున్నారు. ఆ పాటలో కలిసి పాడితే ఎంత బాగుంటుందో వాడికి తెలుసు. నలభై రోజులు పాడాడు. తన గొంతు ఎనిమిది గొంతుల్లో కలిసిపోయి వినబడకుండా పోవడం వాడు ఎరిగిన సుఖాల్లోకెల్లా పెద్ద సుఖం.

"రేపు పోతాను. ఈసారి అన్నం లేదు, ఏమీ లేదు. కత్తి ఒక్కటే" అన్నాడు గట్టిగా.

ఎలమందయ్య వాచిన కాలును రెండు చేతులతో పట్టుకుని ఇటు జరుపుకున్నాడు.

"కత్తి ఎందుకురా? గుట్ట ఎక్కే శ్రమ మాత్రం ఎందుకు? రేపు నువ్వు పోకపోతే చాలు. ఈ కాలుతో నేను ఎలాగూ ఎక్కలేను. మహా అయితే ఎల్లుండి దాకా ఉంటాడు. హాయిగా ఇక్కడే కూర్చో, నీ ఒట్టు తీరిపోతుంది."

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, లింగం వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

కేదారి గుమ్మంలో కూర్చుండిపోయాడు. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కింది, గోడ మీదినుంచి పోయింది. లోపల గురువు, పైన ముని, అవతల రేవు దగ్గర ఏడుగురు. మధ్యలో ఎవరికీ చెందకుండా తను. అంత ఒంటరితనం తల్లి పోయిన రోజున కూడా తెలియలేదు వాడికి.

తెల్లవారి గురువు కళ్ళు తెరిచేసరికి పొయ్యి రాజుతోంది. కేదారి వెలుతురులో చాట పెట్టుకుని కొర్రలు ఒక్కొక్క గింజా చూసి ఏరుతున్నాడు. వాగులో తలారా స్నానం చేసి వచ్చాడు. జుట్టంతా పైకి లాగి, గట్టిగా ముడివేసి, దాని మీద తడిగుడ్డ చుట్టాడు. నీళ్ళు రెండుసార్లు వడగట్టాడు.

గురువు ఆ ముడిని చూశాడు. ముంత ముందుకు జరిపాడు.

ముంత, చెంబు పట్టుకుని కేదారి బయలుదేరాడు. ఈసారి పైపంచెలో దాచలేదు. గుట్ట దారి మొదట్లో, రాత్రంతా రేవులోనే కాచుకున్న ఏడుగురూ ఎదురొచ్చారు. తలగుడ్డ కింద ముడి ఎత్తుగా కనబడుతోంది.

"హరహర! అయిపోయిందా అన్నా?" మాచన శంఖం నోటి దగ్గర పెట్టుకున్నాడు.

ఊఁ అంటే చాలు. ఏడుగురూ భుజాలకెత్తుకుని తీసుకుపోతారు. ఆ ముసలాయన గుట్ట మీద తన చావు తాను చస్తాడు, ఎవరూ వెళ్ళి చూడరు.

"కాలేదు" అన్నాడు కేదారి.

శంఖం కిందికి దిగింది. "మరి ముడేంది?"

"అన్నంలో వెంట్రుకలు పడుతున్నయ్."

మాచన ముంతలోకి తొంగి చూశాడు. అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక వాడి ముఖం చూడలేక కేదారి తల తిప్పుకున్నాడు.

"ఒట్టు తప్పిన శివద్రోహివి. ఈ పొద్దునుంచి నువ్వు మాకు లేవు. ఏ ఊళ్ళోనూ నీకు మజ్జిగ చుక్క పుట్టకుండా చేస్తాం."

"ఆ చీటీ మాత్రం నాదే. నేను బతికుండగా ఆ పని ఇంకొకరు ముట్టుకోకూడదు. లింగం మీద చెయ్యేసి మీరూ ఒప్పుకున్నారు."

ఒకడు ఉమ్మేశాడు. అందరికంటే చిన్నవాడు వెళుతూ వెళుతూ ఒకసారి వెనక్కి తిరిగాడు, "అన్నా" అనబోయినట్టున్నాడు, అనలేదు. వాళ్ళు వాగు దాటేదాకా కేదారి నిలబడే ఉన్నాడు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. రెండు చేతుల్లోనూ సామాను ఉంది గనక తుడుచుకోలేకపోయాడు.

గుహ ముందు ముని గోడకు ఆనుకుని ఉన్నాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి లేచాడు. కుంచె ఎత్తే శక్తి లేదు. ఈసారి కేదారే ఆ కుంచె తీసుకుని చీమల్ని పక్కకు తోశాడు.

"నిలవండి స్వామీ, అన్నం శుద్ధంగా ఉంది" అన్నాడు స్పష్టంగా.

ముని దోసిలి పట్టాడు. ముంత ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. నీళ్ళు పోస్తుంటే గొంతు కదలడం కేదారి చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి మఠం చేరాడు. గుమ్మంలోనే గురువు ఉన్నాడు. పాక్కుంటూ అక్కడిదాకా వచ్చినట్టున్నాడు.

"తిన్నాడా?"

"తిన్నాడు. నీళ్ళు తాగాడు."

ఎలమందయ్య విభూతి తీసి శిష్యుడి నుదుట మూడు రేఖలు పెట్టాడు. "నిన్న అడిగావు గదా" అన్నాడు.

కేదారి పక్కన కూలబడ్డాడు. వాగు అవతల దారి ఖాళీగా ఉంది. చాలాసేపు దానివైపే చూశాడు.

"అయ్యగారూ, ఆయన నిజంగానే అన్నాడు. శివుడు దేవుడు కాడని నా ముఖం మీదే అన్నాడు."

"నాతోనూ అన్నాడు. రెండేళ్ళబట్టీ అంటూనే ఉన్నాడు."

"మరి మీరేమంటారు?"

"ఏమంటాను?" అన్నాడు గురువు. "నీళ్ళు పోస్తాను."