లిఫ్టులో అరవై కిలోల మనిషి

గవర్రాజు ఇంట్లో నలుగురు. గవర్రాజు, అతని భార్య అచ్చియ్యమ్మ, ఆమె తమ్ముడు సన్యాసిరావు, కూతురు హైమ. నలుగురికీ తెలివి కాస్త ఎక్కువేనని వాళ్ళ నమ్మకం. వీధిలో ఎవరికి ఆపద వచ్చినా ముందు వీళ్ళే పరిగెత్తేవారు. వీళ్ళని చూసి ఆపదలో ఉన్నవాళ్ళూ పరిగెత్తేవారు.

హైమకి యూనివర్సిటీలో ఫిజిక్సు చదవాలని మహా ఆశ. అన్నం తింటూ కూడా సూత్రాలు వల్లించేది. ప్రవేశపరీక్షకి నెల రోజులుంది. ఈసారి సీటు రాకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. అందుకని ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చదివించడం మొదలుపెట్టారు. అదీ ఆ పిల్ల ఖర్మ.

మొదటిరోజు హైమ పైకి చదివింది. "నీళ్ళ ట్యాంకుకి అడుగున కన్నం ఉంది. నీరు ఎంత వేగంతో బయటికి వస్తుంది?"

"వేగం తర్వాత. ముందు కన్నం మూయాలి కదా," అన్నాడు సన్యాసిరావు.

"బుర్రంటే మా తమ్ముడిదే," అంది అచ్చియ్యమ్మ.

అంతే. సన్యాసిరావు సిమెంటు కలుపుకుని వెళ్ళి వీధి చివరి ట్యాంకులో దిగాడు. అడుగున నిజంగానే కన్నం ఉంది. మూసేసి వచ్చాడు. వీధికంతా నీళ్ళొచ్చేది ఆ కన్నంలోంచేనని రెండు రోజుల తర్వాత మున్సిపాలిటీవాళ్ళు తిట్టి మరీ చెప్పారు.

"ఇప్పుడు లెక్క చెయ్యనా మావయ్యా?" అంది హైమ.

"కన్నమే నేకపోతే ఇంకేటి లెక్కమ్మా?"

వారం గడిచింది. ఈసారి ఒకే పట్టా మీద రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయి. ఒకటి గంటకి అరవై కిలోమీటర్లు, ఇంకోటి నలభై. ఎంతసేపట్లో కలుస్తాయని ప్రశ్న. హైమ పెన్ను తీసింది. గవర్రాజు లాక్కున్నాడు.

"అవతల మనుషులు చచ్చిపోతుంటే లెక్కలేటే?"

ఇంకేముంది. అచ్చియ్యమ్మ ఎర్రచీర పట్టుకుని పెద్దవాళ్ళు ముగ్గురూ పట్టాలమీదికి పరిగెత్తారు. పాసింజరు బండి ఆగిపోయింది. "ఎదురుగా వచ్చే రైలేదయ్యా?" అని రైల్వే పోలీసు గద్దించాడు. "నూట పన్నెండో పేజీలో ఉంది బాబూ," అన్నాడు గవర్రాజు. సాయంత్రందాకా ముగ్గుర్నీ బెంచీమీద కూర్చోబెట్టారు.

"కూర్చోబెడితే బెట్టారు. రైళ్ళు గుద్దుకున్నాయా? నేదు కదా," అంది అచ్చియ్యమ్మ ఇంటికొచ్చాక. హైమకీ అది సబబుగానే తోచింది.

అలా నెల రోజుల్లో చాలామందిని కాపాడారు. ఒక్క లెక్కా పూర్తి కాలేదు.

పరీక్ష రోజున నలుగురూ వెళ్ళారు. పదింటికి గంట కొట్టారు. రెండు నిమిషాలు కాకుండానే హైమ కన్నీళ్ళతో బయటికొచ్చింది.

"మొదటి ప్రశ్నే నాన్నా. లిఫ్టు తీగ తెగిపోయిందట. లోపల అరవై కిలోల మనిషున్నాడు."

"అయితే ఇంకా నిలబడ్డావేటి?" అన్నాడు గవర్రాజు.

పర్యవేక్షకుడు వెనకాలే వచ్చాడు. "ఇంకా నలభై తొమ్మిది ప్రశ్నలున్నాయమ్మా, లోపలికి రా."

"ముందు ఆయన్ని తీద్దాం సార్," అంది హైమ.

ఆ కాలేజీకి మేడే లేదు, లిఫ్టెక్కడిది? సన్యాసిరావు చుట్టూ తిరిగొచ్చాడు. "నేల మీద ఎక్కడా నేదు బావా. కిందికెళిపోనాది." అంతే. తోటమాలి గునపం, పార తెచ్చుకుని గోడవారగా తవ్వడం మొదలుపెట్టారు. నడుంలోతు గొయ్యి అయ్యేసరికి పదకొండు గంటలు కొట్టి, లోపల పేపర్లు తీసేసుకున్నారు.

హైమ పుల్ల తీసుకుని మట్టిలో లెక్క వేసింది. అందరూ పనిలో ఉన్నారు గనక ఎవరూ అడ్డు రాలేదు.

"పదింటి నుంచి పడుతూనే ఉన్నాడు నాన్నా. ఈ గంటలో అరవై నాలుగువేల ఎనిమిదివందల కిలోమీటర్లు కిందికి వెళ్ళుంటాడు."

పర్యవేక్షకుడు వంగి రెండుసార్లు సరిచూశాడు. లెక్కలో తప్పు లేదు. "లోపల కూర్చుని ఉంటే సీటు వచ్చేదమ్మా నీకు," అన్నాడు. ఆయనకి నిజంగానే బాధేసింది.

సన్యాసిరావు గునపం కిందపెట్టి చెమట తుడుచుకున్నాడు.

"అంతలోతంటే ఇవాళ అవదు బావా. రేపు పెందలాడే వద్దాం."