దాలమ్మ పూట

నాను సెప్తే నువ్వు నమ్మవు. ఒట్టేసి సెప్తన్నాను, సచ్చినా నమ్మవు. నమ్మకపోతే నాకేటి, యిను.

సముద్రానికి ఇంత ఉప్పెక్కని రోజుల్లో, ఒడ్డు మీద ఒక ఉప్పుమడుల ఊరుండేది. ఆ ఊర్లో గవరమ్మని ఓ ముసల్ది. ఆవిడ తీసిన ఉప్పు ఎంత తెలుపంటే, దాని మీద వాలిన కొంగ కనబడక కొంగపిల్లలు మూడు రోజులు ఏడ్సినాయి. నవ్వుతావేటి? మా తాత ఆ పిల్లల్ని ఊరుకోబెట్టినాడు.

గవరమ్మకి ఒక్కడే కొడుకు. సముద్రం మీద సేపల ఏటకెల్లి మరి రానేదు. మిగిలింది కోడలు దాలమ్మ. పుట్టింటోల్లొచ్చి, "లెగే గుంటా, ఇంకో మనువు సేస్తాం" అన్నారు.

"నా సేతికి పని నేర్పింది మా అత్త. ఎలా ఒగ్గేస్తాను?" అన్నాది దాలమ్మ. ఒగ్గనేదు.

మరి కొన్నాల్లకి ముసల్దాని మతి జారడం మొదలెట్టింది. ముందు కుండెక్కడ పెట్టిందో మర్సిపోనాది. తరవాత కొడుకు పోయిన సంగతి మర్సిపోనాది. రోజూ ఆడికి కూడు తీసి ఉంచీది. ఆకరికి దాలమ్మనే మర్సిపోనాది.

"ఎవులమ్మా నువ్వు?"

"నీ కోడల్నత్తా."

గంజి తాగినాక మల్లీ, "ఎవులమ్మా నువ్వు?"

"నీ కోడల్నత్తా."

పొద్దు గూకేదాకా అదే మాట. నువ్వయితే మూడోసారికే కసురుదువు. నాకు తెల్దా నీ సంగతి?

ఉప్పు పేరుకోకముందు మడిలోకి సముద్రం నీల్లొదుల్తారు. పేరుకున్నాక వదిల్తే అంతా కరిగిపోద్ది. రేపు ఉప్పు ఎత్తుబడి అనగా, గవరమ్మ తెల్లారగట్ల లేచి మడుల కాడికెల్లి, నలబై ఏల్లు సేసిన పనే కదా, గట్లన్నీ తెంపేసినాది. "నీల్లొదలకుండా ఇంకా తొంగున్నారేటర్రా" అని ఊరందర్నీ కేకలేసినాది. ఊరందరి ఉప్పూ కరిగిపోనాది.

ఊరోల్లు గుమ్మంలోకొచ్చినారు. "దీన్ని గుంజకి కట్టీ. నేకపోతే ఊరొదిలి పోండి."

అత్తని గుంజకెలా కడద్ది దాలమ్మ? తన కోకకొంగు అత్త కొంగుకి ముడేసుకున్నాది. ముసల్ది నడిస్తే తను నడవాల. ముసల్ది కూకుంటే తను కూకోవాల. ఇంక మడికెవులెల్తారు? మడికెల్లకపోతే గంజెక్కడిది?

ఆ రోజుల్లో రాజుగారి గాదె ఉండేది. రోగమున్న ఇంటికి నెలనెలా సోలలు కొలిసి సోళ్ళు, అదే రాగులు, ఇచ్చీవోరు. దాలమ్మ అత్తని నడిపించుకోని మూడు కోసులెల్లినాది.

గాదె కాడ గుమస్తా అడిగినాడు. "జొరమా?"

"కాదు బాబూ."

"గుడ్డా? కుంటా?"

"కాదు బాబూ. మతి నిలవదు."

"నాకూ నిలవదు. పొద్దున్న ఏటి తిన్నానో గుర్తు నేదు. నాకెవులిస్తారే సోళ్ళు?" అన్నాడు. అందరూ నవ్వినారు.

రెండోసారి ఎల్లినాది. "రోగమేటో రోగే సెప్పాల, అదీ పద్దతి" అన్నాడు గుమస్తా. గవరమ్మ కోక సర్దుకోని, పెద్దరికంగా కూకోని, "నాకేటి రోగం బాబూ? మా ఇంట గాదె నిండుకోని ఉంది. నువ్వు తిన్నావా?" అన్నాది. గుమస్తా దాలమ్మ ముకం సూసి, "గట్టిగా ఉన్న మనిషిని రోగిష్టిదంటావా?" అన్నాడు.

మూడోసారి ఎల్లినాది. అప్పటికి దాలమ్మకి నాలుగు రోజులై ముద్ద నేదు. "ఈవిడెవులు నీకు?" అని గుమస్తా ముసల్దాన్ని అడిగినాడు.

"తెల్దు బాబూ. కొంగు కట్టేసి నన్ను లాక్కోని తిరుగుతంది. ఇడిపించు."

బంట్రోతులు దాలమ్మని మెట్ల మీంచి తోసేసినారు. ముడి ఉంది కదా, ముసల్దీ పడింది. దాలమ్మ లేచి ముందు అత్త మోకాలు తుడిసినాది.

ఆ వానాకాలం, ఇంట్లో ఉన్న నూకలు అత్తకి కాసి పోసింది. అత్త తాగినాక కుండ కడిగిన నీల్లు తను తాగింది. ఎన్నాల్లు తాగుద్ది? ఒక మజ్జాన్నం గోడకి ఆనుకోని కూకున్నది కూకున్నట్టే పోనాది.

పొయ్యి రాజనేదని పక్కింటోల్లు సూడొచ్చినారు. గవరమ్మ ఈగలు తోల్తంది. నోటి మీద ఏలెట్టి, "సప్పుడు సెయ్యకండి. ఎవులో పాపం, బాగా అలిసిపోనాది. ఈ గుంటకి సూసుకునే దిక్కెవులూ నేరా?" అన్నాది.

అప్పటికి ఊరంతా గుమ్మంలో పోగైనాది.

తరవాత ముసల్దాన్ని ఇంటికో రోజు సాకినారు. తొమ్మిదేల్లు బతికింది. తొమ్మిదేల్లూ, "ఎవులమ్మా నువ్వు?" అంటే, ఏ ఇంటి ఆడదైనా "నీ కోడల్నత్తా" అనాల్సిందే. గాదె కాడ పద్దతి మట్టుకు మారనేదు. దాలమ్మకి ఈ సాకడమేదీ అందనేదు. పోయినోల్లకి ఏటందుద్ది?

ఇప్పటికీ ఆ ఊర్లో మతి జారిన మనిషున్న ఇంటికి, ఎత్తుబడి నాడు మొదటి ఉప్పు గంప ఎల్తాది. రోగికివ్వరు, సూసుకునే మనిషి సేతిలో పెడతారు. రోగమేటని అడగరు. వారానికో పూట ఎవులో ఒకలు గుమ్మంలోకొచ్చి, "లే తల్లీ, ఎల్లి తొంగో, ఇది దాలమ్మ పూట" అని తాము కూకుంటారు.

అబద్దమంటావా? సరే. అలాటి మనిషి పక్కన ఒక్క పూట, ఒక్కడివే కూకో. అడిగినప్పుడల్లా నువ్వెవులో సెప్పు, కసరకుండా. కూకోని లేచొచ్చి, అప్పుడు అను నాది అబద్దమని. ఇక్కడే ఉంటాను.