వెనక తలుపుకు కర్ర

ఓబులేసు కాలు విరగ్గొట్టుకున్నాడు. పడింది ఏ ఘాటురోడ్డు మలుపులోనో కాదు. దర్గా ముందర, తను కడుగుతున్న కారు పక్కనే, తను పోసిన సబ్బునీళ్ళ మీదే జారి పడ్డాడు. పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చాడు. ఆరు వారాలు ఆ కాలు నేలకు మోపగూడదన్నారు.

కాలు నొప్పి సంగతి అతను పెద్దగా పట్టించుకోలేదు. పడింది సోమవారం. ఇంకో మూడు రోజుల్లో గురువారం వస్తుంది. అతని దిగులంతా అదే.

గువ్వలచెరువు ఘాటు ఎక్కినాక రోడ్డుకు కాస్త ఎడంగా చిన్న దర్గా ఒకటి ఉంది. దాన్ని చూసుకునే సత్తార్ తాతకు ఎనభై దాటాయి. ఆయన ఉపన్యాసాలు చెప్పే మనిషి కాదు. వచ్చినవాళ్ళకు టీ పోయిస్తాడు, వాళ్ళు చెప్పింది వింటాడు, అంతే. ఆయన చేయించే పని మాత్రం ఒకటి ఉంది. ప్రతి గురువారం దేగిసాలనే రెండు పెద్ద వంటపాత్రల నిండా కుష్కా అన్నం, వంకాయ దాల్చా వండించి, ఘాటు కిందున్న కడప ఆస్పత్రికి పంపుతాడు. రోగులకు తోడుగా వచ్చి వరండాల్లో పడుకునేవాళ్ళు నూటయాభైమంది దాకా తింటారు. పన్నెండేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు.

ఆ దేగిసాలు మోసేది ఓబులేసు కారు.

అది ఫ్రెంచివాళ్ళ కారు. పేరు పలకడం చేతగాక ఊళ్ళో అందరూ ఫ్రెంచికారనే అంటారు. ఆ కంపెనీ కొన్నాళ్ళు మన దేశంలో కార్లు చేసి, ఎందుకో మరి, సర్దుకుని వెళ్ళిపోయింది. కారుకు డిక్కీ అంటూ విడిగా లేదు. వెనక ఒక పెద్ద తలుపు, అద్దంతో సహా పైకి లేస్తుంది. వెనక సీటు మడిస్తే రెండు దేగిసాలూ పక్కపక్కన కొలిచినట్టు కూర్చుంటాయి. ఫ్రాన్సులో దాన్ని గీసిన ఇంజనీరు ఎవరోగాని, కుష్కా దేగిసాను మనసులో పెట్టుకునే గీసి ఉంటాడని ఓబులేసు నమ్మకం.

దాన్ని మొదట కొన్నది రిటైరైన ఇంజనీరొకాయన. ఏ మెకానిక్కూ ముట్టుకోనంటే విసిగిపోయి దర్గాకు ఇస్తానన్నాడు. "నాకెందుకు, దాన్ని లేపగలిగినవాడికి ఇవ్వు" అన్నాడు సత్తార్ తాత. అప్పట్లో ఓబులేసు లారీ మీద క్లీనరు. పొద్దున ఆరింటికి బానెట్ ఎత్తినవాడు మధ్యాహ్నం నమాజు వేళకు ఇంజను మోగించాడు. ఇంజనీరు ఆ వారంలోనే బండిని అతని పేరున రాసిచ్చాడు. ఆనాటి నుంచీ ఓబులేసు ఎవరి లారీ ఎక్కలేదు, తాతను వదిలి పోలేదు.

ఇప్పుడు కారుకు ఇరవయ్యేడేళ్ళు. మీటరు నాలుగు లక్షల కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది. "అలిసింది మీటరు, బండి గాదు" అంటాడు ఓబులేసు. వెనక తలుపును పైకి ఎత్తిపట్టే గొట్టాలు రెండూ ఏనాడో చచ్చిపోయాయి. అందుకని ఒక వెదురుకర్రను సరిగ్గా కోసి, కొసన గాడి తీసి, తలుపుకు ఊతం పెట్టాడు. ఆ కర్రను ఇంకొకళ్ళు పెడితే ఒప్పుకోడు. కోవా అంగడి మద్దిలేటి రోజూ పొద్దున ఎగతాళి చేసేవాడు. "ఏం ఓబులేసూ, నీ ఫ్రెంచి దొరసాని నిద్ర లేసిందా?"

"నేను లేపితే లేస్తాది. నువ్వు లేపితే మొగం గూడా చూడదు."

ఆ మాట నిజమే. రాత్రంతా నిలబడితే డీజిలు పైపులోకి గాలి చేరేది. బానెట్ కింద ఒక మూలన నల్లటి రబ్బరు బుడ్డి ఉంది. దాన్ని పద్నాలుగుసార్లు పిసికితే గాలి పోయి డీజిలు నిండి బుడ్డి గట్టిపడుతుంది. ఆ తర్వాతే తాళం తిప్పాలి. అదీ గుట్టు. ఆ గుట్టు ఓబులేసుకు తప్ప ఇంకెవరికీ తెలీదు. తెల్లవారుతూనే, అటూ ఇటూ చూసి, ఆ పని కానిచ్చి బానెట్ మూసేవాడు. మిగతావాళ్ళకు కనబడేది ఒకటే. ఓబులేసు కూర్చుంటాడు, తాళం తిప్పుతాడు, బండి లేస్తుంది.

మంగళవారం సత్తార్ తాత అతని మంచం దగ్గరకు వచ్చాడు.

"ఈ వారం హుసేనమ్మ తోలుతాది. బండి సంగతులు చెప్పు నాయనా."

హుసేనమ్మ దర్గాలో వంట చేస్తుంది. పేరు అలా ఉన్నా రెడ్లమ్మాయి. పిల్లలు నిలవని ఇళ్ళల్లో పీర్లకు మొక్కుకుని అలాంటి పేర్లు పెట్టడం ఆ సీమలో మామూలే. మొగుడు పోయినాక నాలుగేళ్ళు లగేజీ ఆటోలో కూరగాయలు వేసుకుని ఈ ఘాటు ఎక్కి దిగింది. లైసెన్సుంది. స్టీరింగు ఆమెకు కొత్త కాదు.

"అది నా మాట తప్ప ఎవురి మాటా ఇనదు తాతా" అన్నాడు ఓబులేసు.

"చెప్పి చూడు" అని తాత వెళ్ళిపోయాడు.

ఓబులేసు చెప్పాడు. తాళం సగం తిప్పి పసుపు లైటు ఆరేదాకా ఆగమన్నాడు. క్లచ్ పూర్తిగా తొక్కమన్నాడు. హారను స్టీరింగు మధ్యలో లేదని, ఎడమచేతి పుల్ల కొసన నొక్కాలని చెప్పాడు. ఘాటు దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోవద్దని, రెండో గేరు వేసి ఇంజనునే పట్టుకోనివ్వమని రెండుసార్లు చెప్పాడు. హుసేనమ్మ గరిటె చేతిలో పట్టుకునే అన్నీ వింది.

"ఇంకేమన్నా ఉండాదా అన్నా?"

ఓబులేసు గోడవైపు చూశాడు. "అంతే."

ఆమె వెళ్ళిపోయాక తనకు తనే సర్ది చెప్పుకున్నాడు. అబద్ధం చెప్పలేదు కదా, ఒకటి చెప్పలేదు, అంతే కదా. అదీ చెప్పేస్తే ఇక తను ఎవరు? కాలు విరిగిన ఒక క్లీనరు. పన్నెండేళ్ళ కిందట తాత గుమ్మంలోకి ఏ పనితనంతో వచ్చాడో అది కాస్తా ఒక వంటమ్మ చేతిలో పెట్టి, తను మంచం మీద చూస్తూ కూర్చోవాలా? గురువారం బండి లేవదు. అప్పుడు పిలుస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ మోసుకుపోతారు. తను ఒక్కసారి చెయ్యి పెడతాడు, దొరసాని లేస్తుంది. మద్దిలేటి కూడా చూస్తాడు.

గురువారం వచ్చింది. పది గంటలకు దేగిసాలు ఎక్కాయి. ఓబులేసు మంచాన్ని వాకిట్లోనే వేయించుకున్నాడు. హుసేనమ్మ కూర్చుని తాళం తిప్పింది. ఇంజను గరగరమంది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అదే. మూడోసారికి బ్యాటరీ గొంతు కాస్త తగ్గింది.

మొదటిసారి ఆగిపోయినప్పుడు ఓబులేసుకు లోపల సంతోషమేసింది. దాచుకోలేనంత గర్వం కలిగింది. మూడోసారికి అది కాస్త పలచబడింది. పిలుస్తారని చూశాడు. ఎవరూ పిలవలేదు.

సత్తార్ తాత కారు వెనక్కు నడిచాడు. "దించుదాం. దారిన పోయే లగేజీ బండి ఏదన్నా దొరుకుతాదేమో" అని వెనక తలుపెత్తి, కర్రను ఊతం పెట్టాడు. హుసేనమ్మ దిగి వచ్చి దేగిసా చెవులకు గుడ్డ చుడుతోంది. తాత ఒక క్షణం ఆ కర్రవైపు చూశాడు. తలుపు కింద తన భుజం ఆనించి, కర్రను ఊడబీకాడు. పక్కనే మంచం. చెయ్యి చాపి ఓబులేసుకు అందించాడు.

"ఇదేంది తాతా?"

"పట్టుకో. నీ కొలతకు సరిపోతాది."

"నాకెందుకు తాతా! తలుపు నీ మీద పడ్తాది!"

"నువ్వు కర్ర లేక లేవడం లేదేమో అనుకుంటి" అన్నాడు తాత.

ఎనభై దాటిన మనిషి, కొంగలాంటి మనిషి, ఆ బరువు కింద తల వంచి నిలబడ్డాడు. టోపీ పక్కకు జారింది. కుష్కా ఆవిరి ఆయన మొహానికి కొడుతోంది.

ఓబులేసు పక్కకు జారిన ఆ టోపీని చూశాడు. పన్నెండేళ్ళలో ఆ తలుపును తాత మోయడం అతను ఎన్నడూ చూడలేదు. మోయనివ్వలేదు.

కర్ర నేలకు ఆనించి లేచాడు. కట్టు కట్టిన కాలు గాల్లో ఎత్తిపెట్టి, ఒంటికాలి మీద గెంతుకుంటూ ముందుకు వెళ్ళాడు.

"మే హుసేనమ్మా! దేగిసా వదులు. తలుపు దించి ఇట్లా రా. నేనొకటి చెప్పలే నీకు. బానెట్ ఎత్తాల."

తాత భుజం మీది తలుపును ఆమె దించి మూసింది. నేరుగా ఎడమవైపు తలుపు తీసి, సీటు కిందకు చెయ్యి పోనిచ్చి, బానెట్ పుల్ల లాగింది. మన కార్లన్నిటికీ అది డ్రైవరు వైపే ఉంటుంది. దీనికి అటువైపు ఉందని ఓబులేసు చెప్పనేలేదు.

అతను నోరు తెరిచే లోపలే ఆమె చెయ్యి రబ్బరు బుడ్డి మీద ఉంది. పిసకడం మొదలుపెట్టింది. ఓబులేసు పెదవులు వాటంతట అవే లెక్కపెట్టాయి. తొమ్మిది, పది, పదకొండు. ఆమె ఆపేసింది.

"పద్నాలుగు!" అన్నాడు.

"పదకొండుకే గట్టిపడ్తాది అన్నా. మిగిలిన మూడూ నీ సంతోషానికి."

"నీకెట్లా తెలుసు?"

"వంటింటి కిటికీ నీ బండికి ఎదురుగా గదా ఉండేది. తొమ్మిదేండ్లాయె చూడబట్టి."

"మరి ఇంతసేపూ ఎందుకు పిసకలే?" అన్నాడు ఓబులేసు.

హుసేనమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "నువ్వు ఇయ్యందే నేనెట్లా తీసుకునేది?"

ఆమె కూర్చుని తాళం తిప్పింది. డీలాపడిన బ్యాటరీతోనే, మొదటిసారికే, దొరసాని లేచింది. వెనకనుంచి ఒక గుప్పెడు నల్లపొగ వదిలి రోడ్డెక్కింది.

ఓబులేసు కర్ర మీద ఆనుకుని అక్కడే నిలబడ్డాడు. కారు కనబడకుండా పోయాక చెవులు రిక్కించాడు. మొదటి మలుపు దగ్గర రెండో గేరు పడింది. సరిగ్గా తను వేసే చోటే. ఇంకో అడుగు ముందూ కాదు, వెనకా కాదు. ఇంజను బరువంతా తన మీదికి తీసుకుని, బుసకొడుతూ దిగుతోంది. తర్వాత రెండుసార్లు పొట్టిగా హారను. మలుపులో తను కొట్టేది కూడా రెండుసార్లే. అతని ఛాతీ నిండిపోయింది. ఈ బండి మీద ఇంత గర్వం అతనికి దాన్ని మొదటిసారి లేపిన నాడు కూడా కలగలేదు.

మద్దిలేటి కోవా పొట్లం చేతిలో పెట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. "ఏం ఓబులేసూ, నువ్వీడ ఉండావు, దొరసాని ఆడ పోతా ఉండాది! ఎవురికి నేర్పిచ్చినావు?"

"నేను నేర్పలే" అన్నాడు ఓబులేసు. "ఆమె నేర్చుకునింది. ఇను, ఆ గేరు ఇను."

మద్దిలేటికి ఏమీ వినబడలేదుగాని తలూపి, పొట్లం తాత చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

సత్తార్ తాత మంచం మీద కూర్చుని భుజం రుద్దుకుంటున్నాడు. ఓబులేసు గెంతుకుంటూ వచ్చి ఆయన పక్కన కూలబడ్డాడు. చేతిలో కర్ర చూసుకుని ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో తాతా! కర్ర ఈడనే ఉండిపాయె! ఆడ తలుపెట్లా నిలబడ్తాది?"

తాత పొట్లం విప్పి, కోవా సగం తుంచి అతని చేతిలో పెట్టాడు.

"నూటయాభైమంది ఉండారు గదా నాయనా" అన్నాడు. "ఎవరో ఒకరు పట్టుకుంటారులే."