ఉడుత కళ్ళకద్దుకున్న కాయ

ఒకప్పుడు ఉడుతకు మరపు అన్నదే లేదు. గింజ ఎక్కడ దాచినా దాని మీద ఒక మట్టిబెడ్డ ఆనవాలు పెట్టుకునేది. ఆకలేస్తే నేరుగా వెళ్ళి తవ్వుకునేది. ఒక్కటీ వదిలేది కాదు.

"నాకూ ఒకటి ఉంచవే" అని నేల బతిమాలేది.

"నేను దాచింది నాదే! నీకెందుకు?" అని ఉడుత తోక ఎగరేసేది.

ఒక ఏడు వాన ముందే వచ్చింది. ఏకధాటిగా కురిసింది. తెరిపిచ్చాక ఉడుత చెట్టు దిగి చూస్తే, బెడ్డలన్నీ కరిగిపోయాయి! నేలంతా ఒక్కలాగే ఉంది. ఇక్కడ తవ్వితే బురద. అక్కడ తవ్వినా బురదే.

పైన గూట్లో పిల్లలు "అమ్మా, ఆకలి!" అని కీచుమంటున్నాయి.

"అయ్యో, ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదే! వీళ్ళకేం పెట్టను?" అని ఉడుత ఏడ్చింది.

పక్కన వేరుశెనగ చేలో సూరాలమ్మ అనే ముసలమ్మ పరిగె ఏరుకుంటోంది. రైతు పంట పీక్కుపోయాక మట్టిలో మిగిలిన కాయలను ఏరుకోవడమే పరిగె.

"ఏమే తోకపిల్లా, ఆ ఏడుపేంటి?" అంది.

ఉడుత సంగతి చెప్పింది. "అవ్వా, నువ్వివన్నీ ఎప్పుడు దాచుకున్నావు?" అని అడిగింది.

సూరాలమ్మ పకపకా నవ్వింది. "నేను దాచడమేంటే! విత్తిందీ నేను కాదు, కలుపు తీసిందీ నేను కాదు. రైతు వదిలాడు, వాన కడిగింది, నా చేతికందింది. ఇలా అందినదాన్నే మేం ప్రాప్తం అంటాం."

"మరి అందనిది?"

"అది ఇంకెవరి ప్రాప్తమో! దానికోసం ఏడుస్తూ కూర్చుంటే చేతిలోది తినేదెప్పుడు?"

అవ్వ తన ఒళ్లోంచి కాయలు తీసింది. "ఊఁ, పట్టు. అలా లాక్కోకు. రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకో."

ఉడుత అలాగే చేసింది. పిల్లల కడుపులు నిండాయి.

కొన్నాళ్ళకు ఆ బురదలో చింతమొక్కలు, రేగుమొక్కలు తలెత్తాయి.

"ఇవెవరు నాటారు?" అని ఉడుత ఆశ్చర్యపోయింది.

"నువ్వే! నువ్వు మరిచిపోయినవి నాకు ప్రాప్తమయ్యాయి" అంది నేల. "పెద్దవి కానివ్వు. ఆ కాయలు నీ మనవలకే."

ఉడుత ఇంకెప్పుడూ గింజ మీద బెడ్డ పెట్టలేదు.

అప్పటినుంచే ఉడుత దాచినవాటిలో కొన్ని మరిచిపోతుంది. అవి చెట్లవుతాయి. దొరికినదాన్ని మాత్రం, చిన్న గింజైనా సరే, రెండు చేతులా పట్టుకుని కళ్ళదాకా తెచ్చుకున్నాకే తింటుంది.